నైకీ మోజు తగ్గిందా? మధ్య సైజులు చెబుతాయి

నైకీ పని అయిపోయిందనేవాళ్లు ముందుగా ఆదాయం లెక్క తీస్తారు. 2024 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 5,140 కోట్ల డాలర్లు, 2025లో 4,630 కోట్లు. లెక్క నిజమే, కానీ అది ఆలస్యంగా వచ్చే కబురు. జనానికి మోజు పోయాక చాలా రోజులకు గానీ ఖాతాల్లో కనిపించదు.

దాన్ని ముందే పట్టాలంటే ఒక మోడల్ తీసుకుని రీసేల్ ధరలు, అంటే కొన్నవాళ్లు సైట్లలో మళ్లీ అమ్ముకునే ధరలు చూడాలి. అమ్మేవాళ్లు అడుగుతున్న ధర కాదు, నిజంగా అమ్ముడుపోయిన ధర. అదీ విడుదలైన మూడు నాలుగు వారాలకు. మొదటి వారంలో బాట్లు (తమంతట తామే కొనేసే ప్రోగ్రాములు), ఆత్రం కలిసి రేటును ఎగదోస్తాయి. మగవాళ్ల యూఎస్ సైజుల్లో 9, 10, 11 చాలు. 14 లాంటి సైజులు తక్కువగా తయారవుతాయి కాబట్టి లెక్క చెడగొడతాయి. వచ్చిన సగటులోంచి సైటు కమిషన్, రవాణా ఖర్చు తీసేయండి. మిగిలింది కొన్న ధర కంటే తక్కువైతే అమ్మేవాడు వదిలించుకుంటున్నాడన్నమాట. తర్వాత కంపెనీ సైటు చూడండి. డిస్కౌంట్‌లో మరీ చిన్న, మరీ పెద్ద సైజులే మిగిలితే అది మామూలు క్లియరెన్స్. 9, 10, 11 కూడా నిండుగా ఉంటే అడిగే నాథుడు లేడని అర్థం. ఒక్క రంగు చూసి తీర్పు చెప్పకండి, నాలుగైదు చూడండి. కొలాబరేషన్ జతలను (వేరే బ్రాండుతోనో, సెలబ్రిటీతోనో కలిసి చేసినవి) అసలు కలపొద్దు. వాటి ధర కొరత వల్ల వచ్చింది.

2021లో వచ్చిన నైకీ పాండా డంక్ అనే నలుపు తెలుపు బూట్లకు జరిగింది ఇదే. మొదట దొరకడమే గగనం. తర్వాత మళ్లీ మళ్లీ స్టాక్ దింపారు, ఎవరి కాళ్లకు చూసినా అదే. అందరికీ ఉన్నదాని కోసం ఎవరు ఎగబడతారు?

తప్పంతా డంక్‌ది కాదు. 2020లో జాన్ డొనాహో సీఈఓ అయ్యాక సొంత యాప్, సైటు ద్వారానే ఎక్కువ అమ్మాలని చాలా షాపులకు సరుకు ఆపేశారు. ఖాళీ అయిన అరల్లోకి హోకా, ఆన్ అనే పోటీ బ్రాండ్లు వచ్చి కూర్చున్నాయి. క్రీడల వారీగా ఉన్న విభాగాలను మగ, ఆడ, పిల్లలు అని మార్చారు. (యాప్ డేటా నిన్న ఏం కొన్నారో చెబుతుంది, రేపు ఏం కావాలో చెప్పదు.) ఎయిర్ ఫోర్స్ 1, డంక్, జోర్డాన్ 1 అనే పాత మోడళ్లు అమ్ముడవుతున్నంత కాలం కొత్తవి తేవాలన్న తొందర ఎవరికీ లేదు.

అయితే పరుగు బూట్ల పనితనం పోలేదు. 2023 అక్టోబరులో కెల్విన్ కిప్టమ్ షికాగో మారథాన్‌లో 2:00:35 ప్రపంచ రికార్డు పెట్టింది నైకీతోనే. కాకపోతే అంతకు రెండు వారాల ముందు బెర్లిన్‌లో టిగిస్ట్ అసెఫా 2:11:53 మహిళల రికార్డు పెట్టినప్పుడు కాళ్లకున్నవి ఆడిడాస్. పోటీదారు పక్కనే ఉన్నాడు.

2024 అక్టోబరులో సీఈఓగా నైకీకి తిరిగొచ్చిన ఎలియట్ హిల్ ఎయిర్ ఫోర్స్ 1, డంక్, జోర్డాన్ 1 సరఫరా తగ్గించారు. ఇక్కడే పై పరీక్ష మోసం చేస్తుంది: జతలు తగ్గితే మోజు పెరగకుండానే రీసేల్ ధర లేస్తుంది. అందుకే ఇప్పుడు డంక్ రేటు పెరిగినా నేను లెక్కలోకి తీసుకోను. కొరత లేని పెగసస్, వొమెరో అనే నైకీ పరుగు బూట్ల మధ్య సైజులు డిస్కౌంట్ లేకుండా కదులుతున్నాయా అన్నదే చూస్తాను.