గుర్రానికి వేసే మందు గేదెకు ఎందుకు వేయనన్నాను

పాడిరైతు కొడుకు ఒకడు ఇవాళ పదిమంది ముందు నన్ను నిలదీశాడు. గుర్రాలకు పాలిమిక్సిన్-బి అనే యాంటీబయాటిక్ ఎక్కించి ఒంట్లోని విషాన్ని విరిచేస్తారని ఎక్కడో చూశాడట, మా గేదెకు మాత్రం సెలైన్లతో పొద్దుపుచ్చుతున్నారని అన్నాడు. నా కోపం సంగతి మీకు తెలిసిందే. భోజనమయ్యాక కూడా దిగలేదు.

గేదెకు వచ్చింది ఈ.కొలై అనే క్రిమి వల్ల పుట్టే పొదుగువాపు. ఈనిన మర్నాడే ఒక చన్ను రాయిలా గట్టిపడి, పాలకు బదులు పలచటి పసుపు నీళ్లు వచ్చాయి. చెవులు చల్లబడ్డాయి, పడుకున్నది లేవలేదు. ఇలాంటప్పుడు పశువును పడగొట్టేది క్రిమి పైపొర విచ్చినప్పుడు రక్తంలో చేరే ఎండోటాక్సిన్ అనే విషం. కొన్ని యాంటీబయాటిక్‌లు క్రిమిని చంపుతూనే ఆ విషాన్ని మరింతగా వదిలిస్తాయి. పాలిమిక్సిన్-బి అలా కాక, విషంలోని లిపిడ్-ఏ భాగానికి అతుక్కుని దాన్ని పనిచేయనివ్వదు. అందుకే గుర్రాలకు, క్రిమిని చంపడానికి కావలసిన దానికంటే తక్కువ మోతాదులోనే, కిలో బరువుకు 1000 నుంచి 6000 యూనిట్ల వరకు ఇస్తారు.

చదువుకునే రోజుల్లో పేగు మెలిపడిన ఒక ఆడగుర్రానికి ఈ మందు ఎక్కించడం చూశాను. పై పెదవి ఎత్తితే పళ్ల మొదట్లో చిగుళ్ల వెంబడి, విషం ఒంటికెక్కిందనడానికి గుర్తుగా, నేరేడు రంగు గీత కనిపించింది. ప్రొఫెసరుగారు చిగురును వేలితో నొక్కి వదిలి, రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో మాచేత లెక్కపెట్టించారు. నీరు తగ్గిన ఒంట్లో ఈ మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కాబట్టి ముందు సెలైన్ దండిగా ఎక్కించారు. గిట్టలు వాచకుండా రాత్రంతా మేమే ఐసు కట్టాము. తెల్లవారేసరికి ఆ గీత పలచబడింది.

అది గుర్తొచ్చాక కుర్రాడు అడిగింది అడగవలసిన ప్రశ్నేనని ఒప్పుకోక తప్పడం లేదు. ఇదే కుటుంబానికి చెందిన కొలిస్టిన్‌ను 2019లో కేంద్రం ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు, ఆక్వాకు నిషేధించింది కదా, ఆ ముక్క చెప్పి నోరు మూయించవచ్చు. ఆసుపత్రుల్లో మరే మందుకూ లొంగని క్రిములకు చివరి ఆసరా ఇవే. 2015లో చైనా పందుల్లో కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు బయటపడ్డాక భయం పెరిగింది. అయితే నా సంకోచానికి అది ఒక్కటే కారణం కాదు. ఈ వాడకానికి ఉన్న అనుభవం ఎక్కువగా గుర్రాలదే, పైగా ఇది మనుషులు తాగే పాలిచ్చే పశువు.

నొప్పి, వాపు తగ్గించే ఫ్లునిక్సిన్, సెలైన్, కాల్షియం ఇచ్చి, రెండు గంటలకోసారి పొదుగు ఖాళీగా పిండమని చెప్పాను. ఆ పిండే పనికి మాత్రం కుర్రాడు తన తల్లినే కూర్చోబెట్టాడు.