ఎర్రచందనం మొలిపించడానికి నేను పడ్డ పాట్లు

మాది సిద్ధవటం దగ్గర పల్లె. వాకిట్లో నిలబడితే లంకమల కొండలు కనిపిస్తాయి. ఎర్రచందనం తనంతట తాను పెరిగేది ఈ లంకమల, పాలకొండలు, వెలిగొండలు, శేషాచలం, నల్లమల చుట్టుపక్కలే. కొండ మీద ఎవరూ చెంబెడు నీళ్ళు పోయకుండా పెరిగే చెట్టు, కొండ కింద మా చేలో పెరగడానికేం అనుకున్నాను.

2019 వేసవిలో నర్సరీలో కాయలు కొన్నాను. అడవిలోకి పోయి ఏరుకొస్తే కేసవుతుంది, ఆ పని మాత్రం ఎవరూ చేయొద్దు. కాయ చిన్న అప్పడంలా ఉంటుంది. చుట్టూ పల్చటి రెక్క, నడిమధ్య గట్టి బొడిపె. ఆ బొడిపెలో ఒకటే గింజ, ఎప్పుడైనా రెండు. పగలగొట్టి తీద్దామని సుత్తి పట్టుకుంటే గింజ కూడా చితికింది. ఇక కాయల్ని అట్లాగే కవర్లలో పూడ్చి, చెరువు మట్టి నింపి, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. నలభై కవర్లు. నెల దాటినా ఒక్కటీ తల ఎత్తలేదు. తవ్వి చూస్తే కాయలు బూజు పట్టి ఉన్నాయి.

మా మామ నర్సరీలో కూలికి పోయిన మనిషి. కవర్లు చూసి నవ్వాడు. "నీళ్ళు పోసి పోసి సంపుతాండావు గదా అల్లుడా" అన్నాడు. ఆయన చెప్పినట్టే రెండోసారి మొదలుపెట్టాను. కత్తెరతో రెక్క కత్తిరించి, కాయల్ని మూడు రోజులు పేడనీళ్ళలో నానబెట్టాను. పైతొక్క మెత్తబడితేనే లోపలికి తేమ దిగుతుంది, కిటుకంతా అదే. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి కవర్లు నింపాను. కాయను పడుకోబెట్టి, పైన అర అంగుళం మట్టి కప్పి, పందిరి నీడలో పెట్టాను. నీళ్ళు రోజుకు ఒక్కసారే, అదీ చిలకరింపు.

పదమూడో రోజు మొదటి మొలక వచ్చింది. అన్నీ ఒకేసారి వస్తాయని ఎదురుచూడకూడదు. నెలన్నర దాకా ఒకటీ అరా వస్తూనే ఉన్నాయి. రెండు వందల కాయలకు డెబ్భై మొక్కలు తేలాయి. నేను మొహం వేలాడేస్తే మామ మాత్రం "బాగా వచ్చినట్టే" అన్నాడు. మొలకకు ముందు ఒంటాకులు వస్తాయి. మూడేసి రెబ్బల ఆకులు తర్వాత. అది తెలియక నాకు వేరే గింజలు అంటగట్టారేమోనని కొన్నాళ్ళు అనుమానపడ్డాను.

అసలు టెన్షన్ సంక్రాంతి తర్వాత పెట్టింది. మొక్కలన్నీ ఆకు రాల్చి పుల్లల్లా నిలబడ్డాయి. చచ్చిపోయాయనుకుని ఒకదాన్ని కవరుతో సహా లాగాను. టప్‌మని తెగింది. తల్లివేరు కవరు చీల్చుకుని నేలలోకి దిగిపోయింది. పైన జానెడు పుల్ల, కింద చిటికెన వేలంత లావు వేరు, తెగిన చోట పచ్చిగా తడిగా ఉంది. ఆకురాల్చే అడవి చెట్టు ఎండాకాలానికి ముందు అట్లాగే చేస్తుందని ఒక మొక్క పోయాక తెలిసింది. కాండం మీద గోటితో గీరి చూస్తే సరిపోయేది, లోపల పచ్చగా ఉంటే బతికే ఉన్నట్టు. ఇంకోటి, కవర్లను నెలకోసారి జరుపుతూ ఉండాలి. లేకపోతే వేరు నేలకు పాతుకుని, నాటే రోజున తెగుతుంది.

2020 ఆగస్టులో, వానలు పడ్డాక నాటాను. అడుగున్నర గుంతలు, మొక్కకూ మొక్కకూ పదమూడు అడుగులు. అట్లా అయితే ఎకరాకు రెండు వందల యాభై దాకా పడతాయి. నా మొక్కలు అందులో పావు వంతే కాబట్టి, ఎగువన గరుసు నేలలో మూడు వరసలు, కాలువ పక్క నల్లరేగడిలో ఒక వరస వేశాను. మొదటి ఏడాది ఆ కాలువ వరసే ఏపుగా ఎదిగింది. చూసినవాళ్ళు నేలబలం అన్నారు, నేనూ మురిసిపోయాను. 2021 నవంబరు వానలకు అక్కడ పది రోజులు నీళ్ళు నిలిచాయి. ఆకులు పసుపెక్కి, వేర్లు కుళ్ళి, ఆ వరస మొత్తం పోయింది. రాళ్ళ మధ్య మోకాలెత్తు కూడా రానివి మాత్రం చెక్కుచెదరలేదు. అప్పటినుంచి వాటికి ఎండాకాలంలో తప్ప తడి పెట్టడం మానేశాను.

కోట్లు ఎప్పుడొస్తాయని అడిగేవాళ్ళు చాలామంది. పక్కకొమ్మ కోసినప్పుడు బెరడు నుంచి ఎర్రటి రసం కారుతుంది. దాన్ని చూసి చేవ, అంటే డబ్బు తెచ్చే నడిమి గట్టి కట్టె, పట్టిందని సంబరపడకూడదు, లోపల కట్టె ఇంకా తెల్లగానే ఉంది. ఎర్రటి చేవ కాస్త చెప్పుకోదగ్గట్టు రావాలంటే ఇరవై ఏళ్ళ పైమాటే. కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. అందుకే నాటిన ఏడాదే అడంగల్‌లో, అంటే రెవెన్యూ వాళ్ళ పొలం రికార్డులో, చెట్ల లెక్క రాయించుకున్నాను. అవి మన పొలంలో పుట్టినవేనని రేపు చూపించాల్సింది మనమే.

కాలువ పక్క వరసలో ఇప్పుడు నేరేడు పెట్టాను. దానికి నాలుగు రోజులు నీళ్ళు నిలిచినా ఫరవాలేదు.