కాలరు మీది గుర్తు

ఆదివారం. పొద్దుటినుంచీ ముసురు. ఉతికిన చొక్కాలు ఆరే దారి కనిపించక కుర్చీల మీద పరిచేశాను. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇవ్వగానే బయటపడ్డాను. లండన్‌కు దగ్గర్లోని రన్నీమీడ్ దగ్గర థేమ్స్ ఒడ్డున నడుద్దామనుకుంటే అక్కడంతా బురద. సరే, కూపర్స్ హిల్ ఎక్కి వైమానికుల స్మారకానికి వెళ్లాను.

రెండో ప్రపంచ యుద్ధంలో విమానం ఎక్కి వెళ్లి, సమాధి కూడా దక్కనివాళ్ల పేర్లు అక్కడి సన్నటి కిటికీల పక్కరాళ్ల మీద చెక్కి ఉంటాయి. మొత్తం 20,000 పైమాటే. బ్రిటన్ తరఫున గూఢచారిగా పనిచేసిన నూర్ ఇనాయత్ ఖాన్ పేరూ వాటిలో ఉంది. ఎప్పుడు వెళ్లినా ముందు ఆమె పేరు వెతుక్కుంటాను. ఈసారి మాత్రం 1944 వరసలో ఎవరో సార్జెంటు దగ్గర ఆగిపోయాను. ప్రత్యేకమైన కారణమేమీ లేదు, ఇంటిపేరు మీద తడి మరక ఉంది, అంతే. రిజిస్టరులో చూస్తే వయసు 20.

నదిలో కొట్టుకుపోయినవాళ్ల గురించి మన పత్రికలు ‘గల్లంతు’ అని రాస్తాయి. ఆ కుర్రవాడి ఇంటికి వచ్చిన తంతిలోనూ దాదాపు అదే మాట ఉండి ఉంటుంది. పోయాడనీ కాదు, ఉన్నాడనీ కాదు. లాంకాస్టర్ బాంబర్‌లో ఏడుగురు వెళ్లేవారు. తెల్లవారేసరికి అది తిరిగి రాకపోతే ఏడు గుమ్మాలకు ఏడు తంతులు. ఇంట్లోవాళ్లు ఇంకా తేరుకోకముందే శిబిరంలో అతని పెట్టె సర్దేసేవారు. ఆ సామాను కోల్న్‌బ్రూక్‌లోని డిపోకు వెళ్లేది. మంచం కొత్తగా వచ్చినవాడికి. మామూలుగా ఆరు నెలలు చూసి, ఏ కబురూ లేకపోతే మరణించినట్టే లెక్క కట్టేవారు. ప్రభుత్వానికి ఆరు నెలలు చాలు. తల్లి లెక్క వేరు.

వీటన్నిటికంటే నన్ను పట్టుకున్నది యుద్ధం ముగిశాక జరిగిన వెతుకులాట. బ్రిటిష్ వైమానిక దళం ఇందుకోసమే ప్రత్యేక బృందాలను పెట్టింది. వాళ్లు ఐరోపా పల్లెల్లో తిరిగి, ఏ విమానం ఎక్కడ కూలిందో, ఎవరిని ఎక్కడ పాతిపెట్టారో అడిగేవారు. పేరు లేని గోతులు తవ్వించేవారు. ముఖం గుర్తుపట్టే స్థితి ఎలాగూ ఉండదు. ఇంజను మీది నంబరు, ఉంగరం, ఒక్కోసారి చొక్కా కాలరు లోపల లాండ్రీవాళ్లు వేసిన గుర్తు, వీటిని పట్టుకుని మనిషి పేరు తేల్చేవారు. బట్టలు మారిపోకుండా వేసిన గుర్తు మనిషికి పేరు తెచ్చిపెట్టిందన్నమాట.

ఈ సార్జెంటు విషయంలో అదీ దొరకలేదు. దొరికి ఉంటే ఏదో ఒక శ్మశానంలో సొంత రాయి ఉండేది, ఈ గోడ మీద పేరు ఉండేది కాదు.

అక్కడ ఉన్నంతసేపూ హీత్రో విమానాలు వస్తూ పోతూనే ఉన్నాయి. వేళకు దిగుతున్నాయి.

ఇంటికి వచ్చేసరికి చొక్కాలు ఇంకా ఆరలేదు. ఒకదాని కాలరు తిప్పి చూశాను. కంపెనీ చీటీ తప్ప ఏమీ లేదు. మళ్లీ కుర్చీ మీదే వేశాను.