ట్రెయిలర్ లాగే పాత డీజిల్ ట్రక్కుకు ట్రాన్స్‌మిషన్ బలం

పాత డీజిల్ పికప్ ట్రక్కుతో పెద్ద ట్రెయిలర్ లాగదలచినవారు ముందుగా డబ్బు పెట్టవలసింది ఇంజన్ మీద కాదు, ఇంజన్‌కూ వెనక చక్రాలకూ నడుమ ఉన్న ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ మీద అని నా అభిప్రాయం. నా దగ్గర ఉన్నది 2006 నాటి డాడ్జ్ రామ్ 2500. దానిలో 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్, నాలుగు గేర్ల 48ఆర్‌ఈ ట్రాన్స్‌మిషన్ ఉన్నాయి. డాలస్ ఉత్తర శివార్లలో ఉండే మా కుటుంబానికి వేసవి సెలవులంటే కొలరాడో కొండలే కనుక, సామానుతో కలిపి దాదాపు తొమ్మిది వేల పౌండ్లు తూగే ట్రావెల్ ట్రెయిలర్‌ను వెనక తగిలించుకొని అమరిల్లో, డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా వెళతాము. ఆ దారి చాలాసేపు చదునుగా కనిపిస్తూనే మెల్లమెల్లగా ఎత్తు పెరిగి, న్యూమెక్సికో, కొలరాడో సరిహద్దులోని రటోన్ కనుమ దగ్గర 7,834 అడుగులకు చేరుతుంది. నా ట్రాన్స్‌మిషన్ చెడిపోలేదు. అయితే అది చాలా మైళ్లు తిరిగినది, పైగా అంతకుముందు ట్రక్కును వాడిన వ్యక్తి ఇంజన్ శక్తిని ట్యూనర్‌తో, అంటే ఇంజన్ కంప్యూటర్ అమరికలను మార్చే పరికరంతో, పెంచి ఉంచాడు. అందువల్ల అది నడిరోడ్డు మీద ఆగిపోయేదాకా చూడకుండా, సెలవులు మొదలయ్యేలోగానే విప్పించి బలపరచాలని నిర్ణయించుకున్నాను.

48ఆర్‌ఈ పుట్టుక తెలిస్తే దాని బలహీనతలు ఎక్కడివో సులభంగా అర్థమవుతాయి. క్రైస్లర్ సంస్థ 1962లో కార్ల కోసం తెచ్చిన మూడు గేర్ల 727 టార్క్‌ఫ్లైట్ దీనికి మూలం. తరువాతి కాలంలో దాని వెనక భాగంలో విడిగా ఒక ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ నెమ్మదిగా తిరిగినా బండి వేగంగా పోయే పై గేరు) విభాగాన్ని అమర్చి నాలుగు గేర్లు చేశారు. డీజిల్ ట్రక్కుల కోసం 1994లో 47ఆర్‌హెచ్, 1996లో 47ఆర్‌ఈ, 2003లో 48ఆర్‌ఈ వచ్చాయి. అంటే మూల నిర్మాణం పెట్రోలు కార్ల కాలానిదైతే, దాని ముందు నిలబెట్టిన ఇంజన్ 1,600 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దగ్గరే 610 పౌండ్-ఫీట్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చేది. కంపెనీ ఇచ్చిన శక్తితో, కంపెనీ చెప్పిన బరువుతో నడిపితే ఇది చాలాకాలం పనిచేస్తుంది. ట్యూనర్‌తో టార్క్ పెంచి, ఆ పైన ట్రెయిలర్ తగిలించినప్పుడే లెక్క తప్పుతుంది.

ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్‌కు ప్రధాన శత్రువు వేడి, ఆ వేడిలో ఎక్కువ భాగం, ఇంజన్ శక్తిని నూనె ద్వారా ట్రాన్స్‌మిషన్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో పుడుతుంది. కన్వర్టర్‌లో ఇంజన్‌తో పాటు తిరిగే పంపు నూనెను టర్బైన్ మీదకు విసురుతుంది, ఆ నూనె తాకిడికి టర్బైన్ తిరుగుతుంది, మధ్యలో ఉన్న స్టేటర్ నూనె దిశను మళ్లించి టార్క్‌ను పెంచుతుంది. బండి కదిలే సమయంలో ఇది గొప్ప సౌకర్యం. కాని ఎత్తు ఎక్కుతున్నప్పుడు పంపు వేగానికీ టర్బైన్ వేగానికీ ఉన్న తేడా, అంటే జారుడు, అంతా వేడిగా మారుతుంది. ఇంజన్ నుంచి 200 హార్స్‌పవర్ వస్తుండగా అందులో పది శాతం జారిందనుకుంటే 20 హార్స్‌పవర్, అంటే దాదాపు 15 కిలోవాట్లు నూనెలోకి వెళుతుంది. మన ఇళ్లలో బకెట్ నీళ్లు కాచుకోవడానికి ముంచే 1,500 వాట్ల రాడ్లను పదింటిని ట్రాన్స్‌మిషన్ అడుగున నూనె నిలిచే పాన్‌లో ముంచి ఉంచితే ఎంత వేడి పుడుతుందో అంత వేడి అన్నమాట. కనుమ ఎక్కడానికి పదిహేను నిమిషాలు పడితే ఆ సేపంతా అదే వేడి పుడుతూ ఉంటుంది. నూనె వేడి 200 ఫారెన్‌హీట్ డిగ్రీల లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఆ పైన ప్రతి 20 డిగ్రీలకూ నూనె ఆయుష్షు సగానికి పడిపోతుందని ట్రాన్స్‌మిషన్ పని చేసేవారు ఒక మోటు లెక్క చెబుతారు.

ఈ జారుడును పూర్తిగా ఆపేది కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్. అది పట్టుకున్నప్పుడు ఇంజన్, ట్రాన్స్‌మిషన్ ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి, కన్వర్టర్‌లో వేడి పుట్టడం దాదాపు ఆగిపోతుంది. కాబట్టి బరువు లాగే ట్రక్కుకు లాకప్ క్లచ్ ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నదే అసలు ప్రశ్న. కంపెనీ కన్వర్టర్‌లో ఈ క్లచ్‌కు ఒకటే డిస్క్ ఉంటుంది. అది పట్టుకునే ముందువైపు కవరు అచ్చులో వత్తిన రేకుతో చేసినది కనుక, ఒత్తిడి, టార్క్ రెండూ పెరిగినప్పుడు ఆ కవరు కొద్దిగా వంగుతుంది. అప్పుడు డిస్క్ అంతటా సమానంగా ఆనదు, ఆనిన చోట మాత్రమే అరుగుతుంది. అరిగిన పొడి నూనెలో కలిసి, నూనెను క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీ దాకా, నూనెను చల్లబరచే కూలర్ దాకా పోతుంది. నేను వేయించిన కన్వర్టర్‌లో మూడు డిస్కులు ఉన్నాయి, ముందు కవరును గట్టి ఉక్కు దిమ్మ నుంచి చెక్కి తయారు చేశారు. మొత్తం పనిలో ఒకే ఒక్క భాగానికి డబ్బు సరిపోతుందని ఎవరైనా అంటే, నేను ఈ కన్వర్టర్‌నే చూపిస్తాను.

కన్వర్టర్ ఎంపికలో స్టాల్ వేగం అనే మరొక విషయం ఉంది. చక్రాలు కదలకుండా పట్టి ఉంచి యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ ఎంత వేగం దాకా వెళ్లి ఆగుతుందో అదే స్టాల్ వేగం. పందేలకు ట్రక్కులను తయారు చేసేవారు పెద్ద టర్బో త్వరగా ఊపందుకోవాలని స్టాల్ వేగం ఎక్కువగా ఉన్న కన్వర్టర్‌ను కోరుకుంటారు. బరువు లాగేవారికి కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కమిన్స్ ఇంజన్ పూర్తి టార్క్ 1,600 దగ్గరే ఇస్తున్నప్పుడు, రెండు వేలు దాటితే గాని పట్టు దొరకని కన్వర్టర్‌ను పెట్టడం వేడిని కొని తెచ్చుకోవడమే. అంతర్జాలంలో కనిపించే వీడియోలలో ఎక్కువ భాగం పందెపు ట్రక్కులవే కావడం వల్ల కొత్తవారు ఈ తేడాను గమనించక, ఖరీదైనదే మంచిదనుకొని తమ పనికి పనికిరాని భాగాలను కొంటున్నారని నాకు అనిపిస్తుంది. షాపులో మొదట చెప్పవలసినది హార్స్‌పవర్ లెక్క కాదు, ట్రెయిలర్ బరువు, దాన్ని లాగే దారి, టైర్ల పరిమాణం, వెనక ఆక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ట్రాన్స్‌మిషన్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క).

కన్వర్టర్ తరువాతి స్థానం వాల్వ్ బాడీది. ఏ క్లచ్‌కు ఎప్పుడు ఎంత ఒత్తిడితో నూనె వెళ్లాలో నిర్ణయించేది అదే. గేరు మారడం మెత్తగా ఉండాలని కంపెనీ ఒత్తిడిని నెమ్మదిగా పెరిగేలా అమరుస్తుంది. ఆ మెత్తదనం కూడా ఒక విధమైన జారుడే, క్లచ్ ప్లేట్లు పూర్తిగా పట్టుకునేలోపు కొంతసేపు ఒరుసుకుంటాయి. మార్పు చేసిన వాల్వ్ బాడీతో ఒత్తిడి పెరుగుతుంది, గేరు చటుక్కున పడుతుంది, లాకప్ క్లచ్‌కు కూడా తగినంత నూనె అందుతుంది. అలాగని ఒత్తిడిని హద్దు లేకుండా పెంచడం మంచిది కాదు, ఖాళీ ట్రక్కుతో ఊళ్లో తిరిగేటప్పుడు ప్రతి గేరు మార్పుకూ కుదుపు తగులుతుంది. మా ఇంట్లో ఈ ట్రక్కును రోజువారీ పనులకు కూడా వాడతాము కనుక మధ్యస్థంగా ఉంచమని కోరాను. ఈ ట్రాన్స్‌మిషన్‌లో ఒత్తిడి యాక్సిలరేటర్‌ను అనుసరించి పెరుగుతుంది. పాత మోడళ్లలో ఆ సంగతిని ఒక కేబుల్, తరువాతి వాటిలో ఒక చిన్న మోటారు వాల్వ్ బాడీకి చేరవేస్తాయి. ఆ అమరిక సరిగా లేకపోతే ఎంత ఖరీదైన క్లచ్‌లైనా కాలిపోతాయి.

ఇన్‌పుట్ షాఫ్ట్‌ను గట్టి మిశ్రలోహంతో చేసినదానితో మార్పించాను, ఎందుకంటే మూడు డిస్కుల లాకప్ జారకుండా పట్టుకున్నప్పుడు ఆ దెబ్బ అంతా తరువాతి భాగమైన షాఫ్ట్ మీదే పడుతుంది. క్లచ్ ప్లేట్లు, బ్యాండ్లు, సీళ్లు ఎలాగూ కొత్తవే వేస్తారు. వెనక ఓవర్‌డ్రైవ్ విభాగంలో చాలా బలమైన స్ప్రింగు ఒత్తి పెట్టి ఉంటుంది. ప్రెస్సు, తగిన పరికరాలు లేకుండా ఇంటి గ్యారేజీలో దాన్ని విప్పడం ప్రమాదకరం కనుక, సొంతంగా పని చేసుకోవడమంటే ఇష్టం ఉన్నా ఈ పనిని నేను షాపుకే వదిలిపెట్టాను.

నేను స్వయంగా చేసుకున్నవి చల్లదనానికీ కొలతకూ సంబంధించిన పనులు. ఈ ట్రక్కులో ట్రాన్స్‌మిషన్ నూనెను చల్లబరచడానికి ముందువైపు గాలితో పనిచేసే కూలర్ ఒకటి, ఇంజన్ పక్కన కూలెంట్‌తో పనిచేసేది మరొకటి ఉంటాయి. పాత క్లచ్‌ల నుంచి రాలిన పొడి వాటిలో పేరుకొని ఉంటే కొత్త ట్రాన్స్‌మిషన్‌లోకి అదే పోతుంది. కడిగినా పూర్తిగా పోతుందన్న నమ్మకం లేక ముందున్న కూలర్‌ను మార్చేశాను. అడుగున రెక్కలున్న లోతైన అల్యూమినియం పాన్ పెట్టడం వల్ల కొంత నూనె ఎక్కువ పడుతుంది, దాని కింద ఉన్న బిరడాతో నూనె మార్చడం కూడా తేలికవుతుంది. కంపెనీ డ్యాష్‌బోర్డులో ట్రాన్స్‌మిషన్ వేడికి హెచ్చరిక దీపం తప్ప అంకెలు చూపే గేజ్ లేదు. ఆ దీపం వెలిగే సరికి నష్టం మొదలై ఉంటుంది. గేజ్ సెన్సర్‌ను పాన్‌లో పెడితే మొత్తం నూనె వేడి తెలుస్తుంది, కన్వర్టర్ నుంచి కూలర్‌కు వెళ్లే గొట్టంలో పెడితే అప్పటికప్పుడు జరిగే మార్పు తెలుస్తుంది. ట్రెయిలర్ లాగేవారికి రెండవది ఎక్కువ ఉపయోగమని నా అనుభవం, ఎందుకంటే లాకప్ విడిపోయిన కొద్ది క్షణాల్లోనే ముల్లు లేస్తుంది.

ఇంత చేసినా మారనివి కొన్ని ఉన్నాయి, వాటిని దాచి చెప్పే ప్రకటనలు నాకు నచ్చవు. మొదటిది గేర్ల నిష్పత్తులు. రెండవ గేరు 1.45, మూడవది 1.00, ఓవర్‌డ్రైవ్ 0.69. వెనక ఆక్సిల్ 3.73 ఉన్న నా ట్రక్కు గంటకు 50 మైళ్ల వేగంతో మూడవ గేరులో, లాకప్ పట్టి ఉండగా, దాదాపు రెండు వేల ఆర్‌పీఎమ్ దగ్గర నడుస్తుంది, కమిన్స్‌కు అది ఎంతో అనుకూలమైన చోటు. ముందు లారీ అడ్డం వచ్చి వేగం బాగా తగ్గి రెండవ గేరుకు దిగవలసి వస్తే ఇంజన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది.  అందుకే ఎత్తు మొదలయ్యేలోపే ఓవర్‌డ్రైవ్ ఆపి మూడవ గేరులో స్థిరపడడం అవసరం. అలా చేయకపోతే ట్రాన్స్‌మిషన్ మూడుకూ నాలుగుకూ మధ్య ఊగిసలాడుతూ, ప్రతిసారీ లాకప్ విడిచి పట్టుకుంటూ వేడెక్కుతుంది.

రెండవది లాగదగిన బరువు. తలుపు చట్రానికి అంటించిన స్టిక్కరు మీది అంకెలు ట్రాన్స్‌మిషన్ బలపరచినంత మాత్రాన ఒక్క పౌండు కూడా పెరగవు. బ్రేకులు, ఫ్రేము, ఆక్సిళ్లు, టైర్లు పాతవే కదా. అమెరికాలో ట్రక్కుల లాగుడు సామర్థ్యాన్ని నిర్ణయించే జె2807 అనే ప్రమాణంలో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తు మీద, వంద ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా నడుస్తుండగా ఎక్కే పరీక్ష ఒక భాగం మాత్రమే. ఎత్తు మీద బండి కదలడం, బ్రేకులు, నిలకడ కూడా అందులో చూస్తారు. ట్రెయిలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం, ట్రక్కు వెనక ట్రెయిలర్‌ను తగిలించే హిచ్ మీద మోపవలసి ఉంటుంది కనుక, తొమ్మిది వేల పౌండ్ల ట్రెయిలర్ తగిలిస్తే 900 నుంచి 1,350 పౌండ్లు ట్రక్కు మోసే బరువులో కలుస్తాయి. మనుషులు, సామాను ఎక్కిన తరువాత చాలామంది ముందుగా దాటేది ఆ హద్దునే.

దిగుడు గురించి కూడా చెప్పాలి. కంపెనీ అమరికలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే లాకప్ విడిపోతుంది. లాకప్ లేనప్పుడు, పొగ గొట్టాన్ని కొంత మూసి ఇంజన్ వేగాన్ని తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ ఇంజన్‌ను ఎంత అదిమినా ఆ పట్టు చక్రాలకు సరిగా చేరదు. అందుకని దిగుడులో లాకప్‌ను పట్టి ఉంచే కంట్రోలర్‌ను పెట్టించి, ఆ తరువాతే ఎగ్జాస్ట్ బ్రేక్ వేయించాను. మూడవ గేరులో ఈ రెండూ కలిసి పనిచేస్తుంటే కనుమ దిగేటప్పుడు కాలు బ్రేకు మీద పెట్టవలసిన అవసరం బాగా తగ్గింది. ఖర్చు పెట్టిన వాటిలో మా ఆవిడ మెచ్చుకున్నది ఇదొక్కటే.

ఖర్చు విషయానికొస్తే, పనితనం తెలిసిన షాపులో ఇటువంటి పూర్తి పని ఏడెనిమిది వేల డాలర్లకు సులభంగా చేరుతుంది, కూలరు, గేజు, ఎగ్జాస్ట్ బ్రేకు కలుపుకుంటే తడిసి మోపెడవుతుంది. అంత పెట్టే బదులు కొత్త ట్రక్కు కొనవచ్చు కదా అని ఇక్కడి స్నేహితులు అడుగుతుంటారు. కొత్త డీజిల్ ట్రక్కు ధరలో ఇది చిన్న భాగమే, పైగా ఈ ఇంజన్‌కు ఇంకా చాలా ఆయుష్షు ఉంది. ఫ్రేము తుప్పు పట్టిన బండి అయితే మాత్రం నేను ఈ పనికి పూనుకునేవాడిని కాను.

పని పూర్తయ్యాక మొదటి 500 మైళ్లు ట్రెయిలర్ తగిలించవద్దని షాపువారు చెప్పారు, అలాగే చేశాను. దీనికి ఏటీఎఫ్+4 నూనె తప్ప మరొకటి పోయకూడదు. నూనె మట్టం చూడవలసింది పార్క్‌లో కాదు, బండి వేడెక్కిన తరువాత చదునైన చోట, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో చూడాలి. కంపెనీ వాల్వ్ బాడీ ఉన్న 48ఆర్‌ఈ పార్క్‌లో ఉన్నప్పుడు నూనె కన్వర్టర్‌కూ కూలర్‌కూ వెళ్లదు. ఎత్తు ఎక్కి వచ్చి విశ్రాంతి స్థలంలో ఆగినప్పుడు కూడా పార్క్‌లో పెట్టి ఇంజన్ నడిపితే నూనె చల్లబడదు. చక్రాలకు అడ్డు పెట్టి న్యూట్రల్‌లో కొన్ని నిమిషాలు నడపాలి. బలపరచిన వాల్వ్ బాడీలలో చాలావాటికి పార్క్‌లో కూడా నూనె ప్రవహించేలా మార్పు చేస్తారు కనుక, మీ దానిలో ఆ మార్పు ఉందో లేదో బిల్లు కట్టే ముందే అడిగి తెలుసుకోండి. మొదటిసారి నూనె మార్చినప్పుడు పాన్‌లోని అయస్కాంతం మీద మెత్తని బూడిదరంగు ముద్ద కనిపిస్తే అది కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకోవడం వల్ల వచ్చినదే. వేలికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు తగిలితే మాత్రం ట్రెయిలర్ తగిలించకుండా నేరుగా షాపుకు తీసుకెళ్లాలి.