మమ్మల్ని అడగకుండా యుద్ధమా?

మా పర్లాకిమిడిలో కృష్ణచంద్ర గజపతి మహారాజుగారిని ఒక్క మాట అనాలంటే ఎవరికీ నోరు రాదు. నాకూ రాదు. నేను చదివిన కాలేజీకి ఆయన పేరే. 1936లో ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు కావడంలో ఆయన పాత్ర చాలా పెద్దది. అయినా రెండో ప్రపంచ యుద్ధం విషయంలో మాత్రం నేను ఆయన పక్షం కాదు, మనల్ని అడగకుండా యుద్ధంలోకి దించినందుకు పదవి వదిలేసిన కాంగ్రెస్ నాయకుడు విశ్వనాథ్ దాస్ పక్షం.

మొన్న ఈ మాట అనేసరికి మావయ్య కస్సుమన్నారు. "హిట్లర్‌తో పోరాడకూడదంటావేంట్రా?"

అది కాదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. జనం ఎన్నుకున్నవాళ్లను ఒక్క ముక్క అడగలేదు. కాంగ్రెస్ నాజీలను వెనకేసుకురాలేదు, ఆ నెలలోనే వాళ్లను ఖండిస్తూ తీర్మానం చేసింది. ప్రజాస్వామ్యం కోసమే ఈ యుద్ధమైతే మా సంగతేమిటో తేల్చండి అంది. తిన్నని జవాబు రాలేదు.

పొలసరాలో పుట్టిన దాస్ అప్పుడు ఒడిశా ప్రభుత్వాధినేత. నవంబరులో పదవి వదిలేశారు. బరంపురంలో పుట్టిన మన వి.వి.గిరి మద్రాసులో రాజాజీ ప్రభుత్వంలో మంత్రి. ఆ మంత్రివర్గమూ రాజీనామా చేసింది. 1937లో అధికారంలోకి వచ్చినవాళ్లు, రెండున్నరేళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ మా గంజాం గడ్డ మీద పుట్టినవాళ్లే. నాకు అది గర్వం.

1941 నవంబరులో యుద్ధానికి సాయం చేసే మంత్రివర్గాన్ని మహారాజుగారు ఏర్పాటు చేశారు. "ప్రభుత్వమే లేకపోతే జనం గతేంటి?" అన్నారు మావయ్య. ఆ మాటలో బలముంది. ఉత్కళ విశ్వవిద్యాలయం 1943లో వచ్చింది ఆ ప్రభుత్వం ఉన్నప్పుడే. కానీ అదే సమయంలో ఎందరో కాంగ్రెస్ వాళ్లు జైళ్లలో ఉన్నారే! వాళ్లను లోపల పెట్టి నడిపిన ప్రభుత్వాన్ని జనం ప్రభుత్వమని నేను అనలేను.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేశాయి. అప్పుడు పాతపట్నంలో అమ్మమ్మ పుట్టింటికి చుట్టాలు పరుపుచుట్టలు, ఇత్తడి బిందెలు వేసుకుని వచ్చేశారట. ఒకాయన గోడగడియారాన్ని పంచెలో చుట్టి, దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నాడట. మనల్ని అడగని ఆ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు, 87,000 మందికి పైగా చనిపోయారు.

గడియారం సంగతి మావయ్యకూ తెలుసు, చెప్పింది ఆయన తల్లేగా. వచ్చే వారం మళ్లీ వస్తారు. ఈ వాదన ఇక్కడితో ఆపే ఉద్దేశం నాకైతే లేదు.