బయటి బ్రేక్ ప్యాడ్ చూసి మోసపోయాను

మొదటి ఆదివారం

ఇవాళంతా కారు లేపడానికే సరిపోయింది. చదునైన కాంక్రీటు నేల, ఫస్ట్ గేరు, హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మెలు. వీల్ నట్లను చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేశాను. గాల్లో లేపాక పానా మీద బలం పెడితే బండి ఊగుతుంది. మాన్యువల్లో చూపించిన చోటే జాకీ పెట్టి లేపి, స్టాండ్ పెట్టి, బరువు దాని మీదకు దించాను. భుజంతో గట్టిగా నెట్టి చూశాను, కదల్లేదు. విప్పిన చక్రాన్ని కూడా కారు కిందకు తోసేశాను. స్టాండ్ జారినా బండి నా మీద కాకుండా దాని మీద పడుతుంది. ఇది అతి జాగ్రత్త అని నవ్వేవాళ్లు ఒకసారి కింద పడుకుని పైకి చూడాలి.

రెండో ఆదివారం

కుడి ముందు చక్రం దగ్గర కీచుమంటోంది. చక్రం సందుల్లోంచి చూస్తే బ్రేక్ ప్యాడ్ (చక్రంతో తిరిగే డిస్కును ఒరుసుకుని బండిని ఆపే పలక) బాగానే కనిపించేది, అందుకే నెల రోజులు పట్టించుకోలేదు. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పాక తెలిసింది: బయటి ప్యాడ్ 6 మి.మీ. ఉంది, లోపలిది 2 మి.మీ. కూడా లేదు!

దోషం ప్యాడ్‌ది కాదు, క్యాలిపర్ జారే పిన్నుది. నా బండిలో పిస్టన్ ఒకే వైపు ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నొక్కితే, క్యాలిపర్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగాలి. కింది పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాంతో భారమంతా లోపలి ప్యాడ్ మీదే. ప్యాడ్లు మాత్రమే మార్చి ఉంటే మళ్లీ ఇదే కథ. పిన్ను శుభ్రం చేసి సిలికాన్ బ్రేక్ గ్రీజు రాశాను. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. క్యాలిపర్‌ను బ్రేక్ ఆయిల్ గొట్టానికి వేలాడదీయకుండా తీగతో స్ప్రింగుకు కట్టాను. ప్యాడ్లు రెండు వైపులా మార్చాను.

ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. ప్యాడ్లు అరిగేకొద్దీ బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గడం మామూలే. అది తెలియక పోయిన నెల నిండా పోశాను. ఇవాళ కొత్త ప్యాడ్లకు చోటు కోసం పిస్టన్ వెనక్కి నొక్కగానే ఆయిల్ డబ్బా పొంగి ఫెండర్ మీద కారింది. అది పెయింటును తినేస్తుంది కాబట్టి వెంటనే నీళ్లతో కడిగాను.

పిస్టన్ వెనక్కి నెట్టాను కదా, బండి కదిపే ముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా తొక్కాను. మొదటిసారి అడుగుదాకా దిగిపోయింది, గుండె ఝల్లుమంది.

మూడో ఆదివారం

స్పీడ్ బ్రేకర్ల మీద టకటక శబ్దానికి కారణం లింక్ రాడ్, అంటే స్టెబిలైజర్ బార్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీ. నట్టు తిప్పితే బోల్టు కూడా తిరుగుతోంది, అలెన్ కీతో పట్టుకోవాల్సి వచ్చింది. ఒక చక్రమే లేపితే స్టెబిలైజర్ బార్ మెలి తిరిగి కన్నం కలవలేదు, రెండు వైపులా లేపాక సులువుగా కూర్చుంది.

80 కి.మీ. తిరిగాక వీల్ నట్లు మళ్లీ టార్క్ పానాతో (ఎంత బిగువో కొలిచే పానా) చూశాను, ఒకటి కొంచెం తిరిగింది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బండికి కలిపే చెయ్యి) రబ్బరు బుష్‌లో పగుళ్లు కనిపిస్తున్నాయి. దాని బోల్టును చక్రం మీద బరువు పడ్డాకే పూర్తిగా బిగించాలి. ఆ పని వచ్చే నెల.