సీబీసీ రిపోర్టులో ‘నార్మల్’ ఎవరిది?

శ్రీకాకుళంలో చాలా చిన్న ల్యాబుల్లో సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు కుడిపక్క అచ్చయ్యే ‘నార్మల్’ రేంజ్, మెషీన్‌తో వచ్చిన పుస్తకంలోంచి దించుకున్నదే. మనవాళ్లకు సొంత రేంజ్ కట్టాలంటే ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు 120 మంది, ఆడవాళ్లు 120 మంది కావాలి. లెక్క తేలికే. ఫలితాలను చిన్నది నుంచి పెద్దదాకా పేర్చి 3వ అంకెను కింది హద్దు, 118వ అంకెను పై హద్దు అనుకుంటే సరి. మధ్యలో 95 శాతం మంది ఉంటారు.

చిక్కంతా ఆ 120 మందిని ఏరడంలోనే. రక్తదాన శిబిరంలో సులువుగా దొరుకుతారు గానీ, హిమోగ్లోబిన్ 12.5 లేనివాళ్లను అక్కడ ముందే వెనక్కి పంపేస్తారు. దాంతో కింది హద్దు ఉత్తినే పైకి జరుగుతుంది. పోనీ ఊళ్లోకి వెళ్లి ‘బాగానే ఉన్నాను’ అన్న ప్రతివాళ్ల దగ్గరా తీస్తే, ఐరన్ తక్కువున్న ఆడవాళ్లు సగం జాబితా నింపేసి హద్దు కిందికి జారుతుంది. ఇది ఇంకా ప్రమాదం: రక్తహీనతకే నార్మల్ ముద్ర పడుతుంది.

అందుకని ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే పరీక్ష) 15 కంటే తక్కువున్నవాళ్లను తీసెయ్యాలి. ఒంట్లో వాపు ఉంటే ఫెరిటిన్ దొంగగా పెరుగుతుంది కాబట్టి వాపును పట్టించే సీఆర్‌పీ పరీక్ష కూడా చూడాలి. కవిటి, సోంపేట వైపు మనుషులైతే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. ఉద్దానం కిడ్నీ జబ్బు మొదట్లో బయటపడదు, హిమోగ్లోబిన్ మాత్రం తగ్గుతుంది. ఏజెన్సీ వాళ్లకు హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్ష) చేయించాలి. సికిల్ ట్రెయిట్, తలసీమియా ట్రెయిట్ (జబ్బు లేకుండా దాని జన్యువును మోయడం) పైకి కనిపించవు. ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) తక్కువుండి ఎర్రకణాల సంఖ్య ఎక్కువుంటే ముందు తలసీమియానే అనుమానించాలి. ఎసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) విషయం మరీ మోసం. నులిపురుగులు, బోదకాలు క్రిములు ఉన్నవాళ్లను కలిపేస్తే పై హద్దు ఎక్కడికో పోతుంది. తెల్లకణాలను మూడు గుంపులుగానే విడదీసే త్రీపార్ట్ మెషీన్ ఎసినోఫిల్స్‌ను విడిగా లెక్కించదు కనుక స్మియర్ (గాజు పలకపై పూసిన రక్తం) మైక్రోస్కోపులో చూడక తప్పదు.

రక్తం తీసేటప్పుడు మనిషిని 15 నిమిషాలు కూర్చోబెట్టాలి. టోర్నికే (చేతికి కట్టే పట్టీ) నిమిషం దాటకూడదు. ఊదా మూత (ఈడీటీఏ) ట్యూబును గీత దాకా నింపి, 8 నుంచి 10 సార్లు మెల్లగా తిరగెయ్యాలి, కుదపకూడదు. 4 గంటల్లోపు మెషీన్‌లో పెట్టెయ్యడం మేలు. ఎండలో బైకు మీద ఊరూరా తిరిగిన ట్యూబులో కణాలు ఉబ్బి ఎంసీవీ పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు బాగా తక్కువ వస్తే స్మియర్‌లో అవి గుంపులు కట్టాయేమో చూసి, కట్టి ఉంటే సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, అందులోని ద్రవం రక్తాన్ని పలచన చేస్తుంది కాబట్టి వచ్చిన లెక్కను 1.1తో హెచ్చించాలి.

చిన్న ల్యాబుకు ఇంత తతంగం అక్కర్లేదు. ఇలాగే జల్లెడపట్టిన 20 మందిని పాత రేంజ్‌తో పోల్చి చూడండి. ఇద్దరికి మించి బయటపడకపోతే అదే వాడుకోవచ్చు. ముగ్గురు నలుగురైతే ఇంకో 20 మందిని చూడాలి. అయిదుగురు గానీ అంతకు మించి గానీ అయితే ఆ రేంజ్ మనది కాదు. ఏ రేంజ్ వేసినా, హిమోగ్లోబిన్ పక్కన డబ్ల్యూహెచ్‌వో హద్దులు (గర్భిణులు కాని ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13) మాత్రం విడిగా అచ్చు వేయండి.